నాలుగొందల ఆటల డబ్బా: ఒకటి కొన్నాను, ఇంకో ముప్పై తెప్పించి అమ్మొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి కోసం ఆన్‌లైన్‌లో అరచేతిలో పట్టే చవక గేమ్ కన్సోల్ ఒకటి కొన్నాను. 400 పాత ఆటలు ముందే ఎక్కించి ఉన్నాయి. ఆఫీసులో చూసినవాళ్ళంతా మాకూ కావాలంటుంటే 30 తెప్పించి కాస్త లాభానికి అమ్ముదామని అడ్వాన్స్ కూడా కట్టాను. ఈలోగా ఒక ఫ్రెండ్ ‘అవన్నీ దొంగ ఆటలు, ఇంట్లో ఉన్నా కేసే’ అన్నాడు. సప్లయర్‌ని అడిగితే ‘నలభై ఏళ్ళ నాటి ఆటలండీ, కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది’ అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం, సప్లయర్ చెప్పింది మాత్రం పూర్తిగా తప్పు. మీ ఇంట్లో ఉన్న ఆ ఒక్కదాని గురించి నాకు పెద్ద బెంగ లేదు, నా బెంగంతా ఆ ముప్పై గురించే.

ముందు ఈ ‘నలభై ఏళ్ళ’ సంగతి తేల్చేద్దాం. సప్లయర్లు ఇలా అనడానికి ఒక కారణం ఉంది, వాళ్ళు పేటెంటునీ కాపీరైటునీ కలిపేస్తారు. నింటెండో కంపెనీ గేమ్ మెషీన్ ఫామికామ్ 1983లో వచ్చింది. పేటెంటు ఆయుష్షు సాధారణంగా ఇరవై ఏళ్ళు, కాబట్టి ఆ పాత మెషీన్ పనితీరును ఒకే చిప్పులో దింపి ఎవరైనా తయారు చేసుకోవచ్చు, అందుకే ఇవి ఇంత చవగ్గా వస్తున్నాయి. డబ్బా వరకూ సరే. లోపలి ఆట వేరు. 1995 నుంచి అమల్లో ఉన్న ట్రిప్స్ ఒప్పందం, అంటే మేధో సంపత్తి హక్కుల మీద ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాల ఒప్పందం, కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనగా కాపాడమంటుంది, అంటే చట్టం దృష్టిలో ఆట కోడ్ ఒక నవల లాంటిది. అమెరికాలో కంపెనీ పేరు మీద వచ్చిన రచనకు ప్రచురించిన నాటి నుంచి 95 ఏళ్ళ రక్షణ ఉంది, ఆ లెక్కన 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ 2080 చివరిదాకా ఎవరి సొత్తో వాళ్ళదే. జపాన్‌లో 70 ఏళ్ళు. మీ అబ్బాయి మనవలతో ఆడుకునే వయసుకి అడగండి, అప్పుడు చెప్తాను.

‘ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఇప్పుడు ఆ ఆట ఎక్కడా అమ్మట్లేదు’ అన్న వాదన కూడా వస్తుంది. కంపెనీ పోతే హక్కులు గాల్లో కలిసిపోవు, కొన్నవాడికో అప్పులవాడికో చేరతాయి. అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇవాళ చట్టబద్ధంగా కొనడానికి దొరకవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. ఇది అన్యాయమే, నాక్కూడా మంటగానే ఉంటుంది, కానీ నా మంట మీకు కోర్టులో పనికిరాదు. అన్నట్టు ‘24 గంటల్లో డిలీట్ చేస్తే తప్పు లేదు’ అని డౌన్‌లోడ్ సైట్లలో రాసి ఉంటుంది చూశారా, అలాంటి చట్టం ఏ దేశంలోనూ నా కంటపడలేదు.

ఆ ఆటల్ని ఆడించే సాఫ్ట్‌వేర్, అంటే ఎమ్యులేటర్, దానంతట అది నేరం కాదు. సోనీ వేసిన కేసులో 2000లో అమెరికా అప్పీళ్ళ కోర్టు కనెక్టిక్స్ అనే ఎమ్యులేటర్ కంపెనీ పక్షాన తీర్పు ఇచ్చింది. కొన్ని కన్సోళ్ళకు అసలు కంపెనీ బయోస్ ఫైలు, అంటే మెషీన్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్, కూడా కావాలి, అది మాత్రం ఆటలాగే ఆ కంపెనీ సొత్తు.

ఇలాంటిదే ఒకటి నా టేబుల్ సొరుగులో ఉంది, ఓ క్లయింటు వదిలేసి వెళ్ళాడు. ఆన్ చేసి చూస్తే 37వ ఆటా 212వ ఆటా ఒకటే, పేరు మార్చి రెండో లెవెల్ నుంచి మొదలయ్యేలా పెట్టారంతే. అసలు ముఖ్యమైంది టైటిల్ స్క్రీన్. మామూలుగా కింద సంవత్సరం, కంపెనీ పేరు ఉండే చోట దీంట్లో నల్లటి ఖాళీ ఉంది. ఎవరో పని గట్టుకుని చెరిపారు. హక్కుదారు వివరాలు ఇలా తొలగించడం, తొలగించారని తెలిసి ఆ సరుకు అమ్మడం మీద చట్టం చెయ్యాలని 1996 నాటి వైపో (ఐక్యరాజ్యసమితి మేధో సంపత్తి సంస్థ) కాపీరైట్ ఒప్పందం సభ్య దేశాలకు చెప్పింది. మీ దాంట్లో కూడా ఓ నాలుగైదు ఆటలు తెరిచి ఆ కింది వరుస చూడండి.

ఇప్పుడు ఆ ముప్పై. ట్రిప్స్‌లో 60వ అధికరణం ప్రకారం ప్రయాణికుడి సామానులోనో చిన్న పార్సిల్‌లోనో వచ్చే, వ్యాపారానికి కాని కొద్దిపాటి సరుకును దేశాలు సరిహద్దు తనిఖీల నుంచి వదిలెయ్యొచ్చు. ఆ పక్కనే ఉన్న 61వది, కావాలని వ్యాపార స్థాయిలో పైరసీ చేస్తే క్రిమినల్ శిక్షలు ఉండి తీరాలంటుంది. ఒక్కటి కొన్న తండ్రి మొదటి దాని వైపు ఉంటాడు, ముప్పై తెప్పించి లాభం వేసుకునే మనిషి నడుచుకుంటూ రెండో దాని వైపు వెళ్తాడు. ‘30 కూడా వ్యాపార స్థాయేనా’ అని మీరు వాదించొచ్చు, నేనూ వాదిస్తాను, ఫీజు తీసుకుని. సరుకు మాత్రం అప్పటికే కస్టమ్స్ గోడౌన్‌లో ఉంటుంది.

ఇది ఉత్తి బెదిరింపు కాదు. ఇలాగే పాత నింటెండో ఆటలు నింపిన పవర్ ప్లేయర్ అనే కంట్రోలర్లను చైనా నుంచి తెప్పించి అమెరికాలో మిన్నెసోటా మాల్‌లో స్టాళ్ళు పెట్టి అమ్మిన వ్యాపారికి 2005లో ఐదేళ్ళ జైలు పడింది. ఆయనది పెద్ద వ్యాపారం, మీ ముప్పైతో పోల్చను, కానీ సెక్షన్ల స్వభావం ఒకటే. వీడియో రివ్యూ చేసి లింకు పెట్టి కమీషన్ తీసుకుందాం అనుకునేవాళ్ళు కూడా ఇటలీ సంగతి గుర్తుంచుకోండి, 2025లో అక్కడ ఒక యూట్యూబర్ దగ్గర పోలీసులు 30కి పైగా ఇలాంటి కన్సోళ్ళు పట్టుకెళ్ళారు.

‘నాకు తెలియదు’ అనే దారి కూడా మీకు మూసుకుపోయింది. ఫ్రెండ్ చెప్పాడు, మీరు నాకు రాశారు, ఈ ప్రశ్నే తెలుసు అనడానికి సాక్ష్యం! కొన్ని దేశాల్లో దొంగ కాపీ అని తెలిసి ప్రోగ్రామ్ వాడడం కూడా నేరమే, అందుకే మీ ఫ్రెండ్ మాట సగం నిజం అన్నాను. ఇంట్లో ఆడుకునే పిల్లాడి కోసం ఎవరూ తలుపు కొట్టిన దాఖలా నేను చూడలేదు, అయితే ఆటలు ఉన్న ఆ మెమరీ కార్డు కాపీ తీసి ఫ్రెండ్స్‌కి ఇవ్వడం మాత్రం వద్దు.

కార్డు తీసేసి ఖాళీ డబ్బా అమ్మొచ్చా? చాలా వరకు అమ్మొచ్చు. ప్రకటనలో మారియో బొమ్మ పెట్టకండి, ఆటలు ఎక్కడ దొరుకుతాయో చెవిలో కూడా చెప్పకండి, ఆ చెప్పడమే మిమ్మల్ని ఇరికిస్తుంది.

అడ్వాన్స్ కట్టానన్నారు కాబట్టి ఇవాళే సప్లయర్‌కి మెసేజ్ పెట్టండి, ఫోన్లో మాట్లాడొద్దు. ‘400 ఆటల పేర్లు, ఒక్కోదానికి హక్కుదారు ఇచ్చిన లైసెన్స్ పత్రం, అది ఏ దేశాలకు, ఎప్పటిదాకా చెల్లుతుందో పంపండి, లేదంటే ఆర్డర్ రద్దు చేసి అడ్వాన్స్ తిరిగివ్వండి’ అని అడగండి. పత్రాలు వస్తాయని నేను అనుకోను, నింటెండో తానే 2016లో తెచ్చిన బుల్లి కన్సోల్‌లో ఉన్నవి 30 ఆటలే. ఆయన ‘అవేమీ ఉండవు సార్, అందరూ ఇలాగే అమ్ముతున్నారు’ అంటే ఆ జవాబును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ‘ఒరిజినల్, లైసెన్స్డ్’ అని రాసిన ప్రకటన ఉంటే అదీ కలిపి, అడ్వాన్స్ వాపసు ఫిర్యాదుకు ఆ రెండూ చాలు.