నానోడ్రాప్ 410, క్యూబిట్ 38: ఏది నమ్మాలి?

ప్రశ్న: మేడం, నేను పీహెచ్‌డీ విద్యార్థినిని. బంగినపల్లి మామిడి ఆకుల నుంచి సీట్యాబ్ (CTAB అనే డిటర్జెంట్ వాడే) పద్ధతిలో డీఎన్‌ఏ తీసి జీనోమ్ సీక్వెన్సింగ్‌కి పంపాను. నానోడ్రాప్ అనే డీఎన్‌ఏ కొలిచే యంత్రంలో మైక్రోలీటరుకు 410 నానోగ్రాములు వచ్చింది. శుద్ధత చెప్పే 260/280 విలువ (ఆ రెండు తరంగదైర్ఘ్యాల దగ్గర ఇంకిన కాంతి నిష్పత్తి) 1.86, 260/230 మాత్రం 0.9. కంపెనీ వాళ్లేమో క్యూబిట్ అనే ఇంకో యంత్రంలో 38 మాత్రమే ఉందని శాంపిల్ వెనక్కి పంపారు. గైడ్‌కి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: 38నే నమ్మమ్మా. నానోడ్రాప్ 260 నానోమీటర్ల దగ్గర కాంతి ఎంత ఇంకిందో చూసి లెక్క కట్టేస్తుంది. డీఎన్‌ఏ అయినా, ఆర్‌ఎన్‌ఏ అయినా, విడిపోయిన న్యూక్లియోటైడ్లయినా దానికి ఒకటే. క్యూబిట్‌లో వేసే రంగు రెండు పోగుల డీఎన్‌ఏకి అంటుకుంటేనే వెలుగుతుంది.

నిన్ను ముంచింది ఆ 1.86. శుద్ధమైన డీఎన్‌ఏకి 1.8 అని చదువుకున్నాం కాబట్టి అది కనబడగానే హమ్మయ్య అనుకుంటాం. కానీ ఆర్‌ఎన్‌ఏ ఆ విలువను 2 వైపు లాగుతుంది, మామిడాకులో దండిగా ఉండే ఫినాల్ పదార్థాలు కిందికి లాగుతాయి. రెండు మలినాలూ కలిసి నీకో అందమైన అంకె ఇచ్చాయని నా అనుమానం. 260/230 మాత్రం దాచలేదు. అది 2 దగ్గర ఉండాలి, నీది 0.9.

జెల్ (డీఎన్‌ఏ ముక్కల్ని కరెంటుతో సైజు వారీగా విడదీసే పరీక్ష) సంగతి రాయలేదేం? 0.8 శాతం ఆగరోజ్ మీద వేసి చూడు. పైన ఒకటే బిగువైన బ్యాండ్ (గీత) ఉంటే డీఎన్‌ఏ పెద్దగా తెగలేదు. అడుగున మసకగా పరుచుకుంటే ఆర్‌ఎన్‌ఏ. శాంపిల్ పోసే గుంట, అంటే వెల్‌లోంచి కదలకపోతే పాలీశాకరైడ్ల (పిండి లాంటి చక్కెర గొలుసుల) జిగురు. ఆ జిగురు ఉన్న ట్యూబ్‌లో పిపెట్ టిప్ ముంచి తీస్తే తీగపాకంలా సాగుతుంది, జెల్ దాకా పోనక్కర్లేదు.

ఉన్న శాంపిల్ పారేయకు. ఆర్‌ఎన్‌ఏని విరగ్గొట్టే ఆర్‌ఎన్‌ఏజ్ ఎంజైమ్ వేసి 37 డిగ్రీల్లో అరగంట పైనే ఉంచి, క్లోరోఫామ్‌తో మళ్లీ శుద్ధి చేసి, ఉప్పు ఎక్కువ వేసి ఆల్కహాల్‌తో దింపు. ఉప్పుంటే జిగురు చాలావరకు ద్రవంలోనే ఉండిపోతుంది. పెల్లెట్ (అడుగున చేరే డీఎన్‌ఏ ముద్ద) గోధుమ రంగులో ఉంటే మాత్రం దానితో కుస్తీ పట్టకు, కొత్త ఆకు తెచ్చుకో. ఈసారి కుండీలోని అంటు మొక్కను రెండు రోజులు చీకట్లో పెట్టి లేతాకు కొయ్యి, పిండిపదార్థం తగ్గుతుంది. బఫర్‌లో ఫినాల్స్‌ని పట్టేసే పీవీపీ, ఆకు రసం నల్లబడకుండా ఆపే మెర్కాప్టోఎథనాల్ తప్పనిసరి (కంపు భరించలేం, ఫ్యూమ్ హుడ్ వదలకు). లాంగ్ రీడ్ (పొడవాటి డీఎన్‌ఏ ముక్కల్ని చదివే) సీక్వెన్సింగ్ అయితే డీఎన్‌ఏ తెగకుండా వోర్టెక్స్ (ట్యూబ్‌ని గట్టిగా కదిపే యంత్రం) జోలికే వెళ్లకు, కొస కత్తిరించిన టిప్ వాడు.

గైడ్‌కి రెండు అంకెలూ, జెల్ ఫొటో కలిపి చూపించు. నానోడ్రాప్, క్యూబిట్ దగ్గరదగ్గరగా వచ్చాకే మళ్లీ పంపు.