ఎమ్మెల్యే స్థాయి అభ్యర్థి బడులకు, కుటుంబాలకు ఏం చేయగలరు? (అమెరికా)

అమెరికాలో రాష్ట్ర చట్టసభకు పోటీ చేసేవాళ్లు "శ్రామిక కుటుంబాలు, ప్రభుత్వ బడులే నా ప్రాధాన్యం" అంటారు, అవి వాషింగ్టన్ (కేంద్ర ప్రభుత్వం) చేతిలోని పనులు కావా అని ఒకరు అడిగారు. చాలావరకు కావు. బడుల ఖర్చులో కేంద్రం వాటా సుమారు పదో వంతే. మిగతాది రాష్ట్ర ఖజానా, స్థానిక ఆస్తి పన్నులు మోస్తాయి. మనవాళ్లు మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్థానిక విభాగం) చూసుకుని ఇల్లు కొనేది కూడా అందుకేగా! ఇక కేంద్ర కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఉంది. రాష్ట్రాలు కావాలంటే అంతకంటే పెంచుకోవచ్చు.

మిన్నెసోటా రాష్ట్రాన్నే చూడండి. 2022 ఎన్నికల్లో అక్కడి రాష్ట్ర సెనేట్‌లో (చట్టసభలోని ఎగువ సభ) డెమొక్రాట్లకు 34–33 ఆధిక్యం వచ్చింది, అంటే ఒక్క సీటు తేడా. ఆ తర్వాతి ఏడాదే, 2023లో, బడిపిల్లలందరికీ ఉచిత టిఫిన్, భోజనం చట్టమైంది. తల్లిదండ్రుల జీతంతో పని లేదు. క్యాంటీన్‌లో బాకీ పేరుకుపోతుందన్న టెన్షన్ పోయింది. అయితే పూటకు ఒక్క ప్లేటే ఉచితం, రెండోదానికి డబ్బు కట్టాలి. కాన్పుకో, జబ్బుకో వేతనంతో కూడిన సెలవు కూడా అప్పుడే ఆమోదించారు. అది 2026 జనవరిలో అమల్లోకి వచ్చింది. దానికి నిధులు ఉద్యోగి, యజమాని కలిసి కట్టే 0.88 శాతం ప్రీమియం నుంచి వస్తాయి.

కాబట్టి మీ అభ్యర్థి ఎదురుపడితే ప్రాధాన్యాలు అడగకండి, అవి అందరూ చెప్తారు. ప్రత్యేక అవసరాలున్న ఒక్కో పిల్లవాడి చదువుకు, దేశంలో ఒక విద్యార్థిపై అయ్యే సగటు ఖర్చులో 40 శాతం దాకా ఇస్తామని కేంద్రం 1975లో చట్టం చేసి, ఇప్పటికీ అంత ఇవ్వడం లేదు. ఆ లోటు ఏ పద్దులోంచి పూడుస్తారో అడగండి.