యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్‌లో టప్ టప్: కార్బురేటర్ మార్చే ముందు ఇవి చూడండి

మీ బైక్ 150 సీసీ, కార్బురేటర్ మోడల్. పికప్ బాగుంది, స్టార్టింగ్ బాగుంది. యాక్సిలరేటర్ వదిలి గేర్‌లోనే స్పీడు తగ్గిస్తుంటే మాత్రం ప్రతి సిగ్నల్ దగ్గరా సైలెన్సర్‌లోంచి టప్ టప్‌మని శబ్దం వస్తోంది. మెకానిక్ కార్బురేటర్ మార్చేయమన్నారు, మార్చాలా అని అడిగారు.

ఇప్పుడే మార్చకండి. నాకూ అచ్చం ఇదే వచ్చింది. కార్బురేటర్ వెంటపడి దాదాపు రెండు నెలలు పోగొట్టుకున్నాను. తప్పు అక్కడ లేదు.

ముందు ఆ శబ్దం ఎలా పుడుతుందో చూద్దాం. యాక్సిలరేటర్ మూసినా వెనక చక్రం ఇంజిన్‌ని తిప్పుతూనే ఉంటుంది. అప్పుడు సిలిండర్‌లోకి వెళ్లే గాలీ పెట్రోలూ చాలా తక్కువ, లోపల మిగిలిపోయిన పాత పొగే ఎక్కువ. ప్లగ్ నిప్పురవ్వ ఇచ్చినా ఆ మిశ్రమం ఒక్కోసారి అంటుకోదు. కాలని పెట్రోలు ఆవిరి అలాగే బెండ్ పైపులోకి, అంటే ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి పొగ తీసుకెళ్లే పైపులోకి, వెళ్లిపోతుంది. పైపు వేడిగా ఉంది, పెట్రోలు ఆవిరి ఉంది, తక్కువైంది గాలి ఒక్కటే. ఎక్కడినుంచైనా కాస్త గాలి చొరబడితే ఆ ఆవిరి పైపులోనే భగ్గుమంటుంది. మనకు వినిపించే టప్ అదే. అందుకే ఈ సమస్యలో నేను మొదట వేసుకునే ప్రశ్న ఒక్కటే: గాలి ఎక్కడినుంచి వస్తోంది?

నేను ఈ ప్రశ్న ఆలస్యంగా వేసుకున్నాను. మొదట ప్లగ్ మార్చాను. తర్వాత కార్బురేటర్ రెండుసార్లు విప్పించి కడిగించాను. ప్రతిసారీ రెండు రోజులు తగ్గినట్టే అనిపించేది, మళ్లీ మొదలయ్యేది. చివరికి ఒకరోజు ఖాళీ రోడ్డు మీద చోక్ సగం లాగి నడిపి చూశాను. చోక్ లాగితే మిశ్రమంలో పెట్రోలు పాళ్లు పెరుగుతాయి. కార్బురేటర్ పెట్రోలు తక్కువ ఇస్తుంటే చోక్ లాగినప్పుడు శబ్దం తగ్గాలి. తగ్గలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది. అంటే పెట్రోలుకి కొదవ లేదు, దాన్ని పైపులో అంటించే గాలి ఇంకెక్కడినుంచో వస్తోందన్నమాట. మీరూ ముందు ఈ పరీక్ష చేయండి. విప్పాల్సింది ఏమీ లేదు, పది నిమిషాల పని.

మర్నాడు పొద్దున ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు టార్చి వేసి చూశాను. బెండ్ పైపు ఇంజిన్ హెడ్‌కి కలిసేచోట ఒక పక్కన మాత్రం నల్లటి మసి చారలు ఉన్నాయి. రెండు నట్లలో ఒకటి వేళ్లతోనే కదిలింది. విప్పి చూస్తే లోపలి గ్యాస్కెట్ (సందు లేకుండా జాయింట్‌ని మూసే రింగు) ఒకవైపు నలిగిపోయి, కాలిపోయి ఉంది.

పొగ బయటికి తన్నే చోట గాలి లోపలికి ఎలా వస్తుందని నాకూ అప్పట్లో అనుమానం వచ్చింది. పొగ పైపులో ఒకే ధారగా పోదు, దెబ్బలు దెబ్బలుగా పోతుంది. ఒక్కో దెబ్బ దాటాక వెనక కాసేపు ఒత్తిడి పడిపోతుంది. ఆ క్షణంలో అదే సందులోంచి బయటి గాలిని పైపు పీల్చుకుంటుంది. అందుకే ఎంత చిన్న లీకైనా స్పీడు తగ్గించేటప్పుడు బయటపడుతుంది.

ఈ లీకు వెతకడం చల్లటి ఇంజిన్ మీదే చేయాలి. వేడెక్కాక లోహం వ్యాకోచించి సన్నటి సందు కొంత మూసుకుపోతుంది. పైగా చేతులు కాలతాయి. ఆరుబయట బండి స్టార్ట్ చేసిన వెంటనే బెండ్ పైపు జాయింట్ దగ్గర చెయ్యి తగలకుండా పెట్టి చూడండి, లీకుంటే గాలి దెబ్బలు చేతికి తెలుస్తాయి. ఒకరిని సైలెన్సర్ చివర మందపాటి గుడ్డతో రెండు మూడు సెకన్లు కొద్దిగా అడ్డుపెట్టమనండి, ఫట్ ఫట్ మనే శబ్దం జాయింట్ దగ్గర స్పష్టంగా వినిపిస్తుంది. సబ్బు నీళ్లు చల్లితే బుడగలు కూడా వస్తాయి. బెండ్ పైపు సైలెన్సర్‌లోకి దూరేచోట ఉన్న క్లాంపునీ ఇలాగే చూడండి, చాలామంది దాన్ని మర్చిపోతారు. ఈ మధ్య సైలెన్సర్ మార్చి ఉంటే మొదటి అనుమానం ఈ రెండు చోట్ల మీదే పెట్టుకోండి.

గ్యాస్కెట్ మార్చాక శబ్దం ముప్పావు వంతు పోయింది. మిగతా పావు వంతు నన్ను ఇంకో వారం తిప్పింది.

కాలుష్యం తగ్గించడానికి చాలా బైక్‌లలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి ఎగ్జాస్ట్ పోర్టులోకి (హెడ్‌లోంచి పొగ బయటికొచ్చే దారిలోకి) గాలి పంపే ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. హెడ్ దగ్గరికి వెళ్లే లావాటి రబ్బరు గొట్టం, దాని పక్కనే ఒక సన్నటి వాక్యూమ్ గొట్టం కనిపిస్తాయి. యాక్సిలరేటర్ మూసినప్పుడు ఇన్‌టేక్‌లో (ఇంజిన్‌లోకి మిశ్రమం వెళ్లే దారిలో) పెరిగే వాక్యూమ్, అంటే పీల్చే శక్తి, ఆ సన్న గొట్టం ద్వారా వాల్వ్ లోపలి డయాఫ్రమ్‌ అనే పల్చటి పొరని లాగి గాలి ఆపేయాలి. సరిగ్గా ఈ టప్ టప్ రాకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. నా బండిలో ఆ సన్న గొట్టం కొన దగ్గర చీలింది. దాంతో రెండు నష్టాలు: వాల్వ్ మూసుకోవడం లేదు, పైగా ఆ చీలికలోంచి ఇంజిన్‌లోకి అదనపు గాలి దూరి మిశ్రమాన్ని ఇంకా పల్చన చేస్తోంది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు పాలు తగ్గుతోంది. చీలిన కొన కోసి మళ్లీ తొడిగాను, శబ్దం పోయింది. మీరు పరీక్షించాలంటే ఆ లావు గాలి గొట్టాన్ని తాత్కాలికంగా మూసి ఒక రౌండు వేయండి. శబ్దం ఆగితే దోషం ఈ వ్యవస్థలోనే ఉంది. తర్వాత మాత్రం దాన్ని బాగు చేసి తిరిగి పెట్టండి, శాశ్వతంగా పీకేయకండి.

ఒకవేళ మీకు చోక్ లాగితే శబ్దం తగ్గిందనుకోండి, అప్పుడు దారి వేరు. బండిని ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజిన్ ఆన్‌లో) ఉంచి, కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న రబ్బరు జాయింట్ మీద కొద్దిగా నీళ్లు చల్లండి. ఇంజిన్ శబ్దం మారితే అక్కడ పగులుంది. ఇందుకు పెట్రోలు, స్ప్రే క్లీనర్ లాంటివి వాడమని చెప్పేవాళ్లుంటారు. వేడి ఇంజిన్ మీద అవి అంటుకుంటాయి, దయచేసి వాడకండి. యాక్సిలరేటర్ వదిలాక ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంటే అది కూడా ఇలాంటి గాలి లీకుకో, పల్చటి మిశ్రమానికో గుర్తు.

రబ్బరు బాగుంటే అప్పుడు కార్బురేటర్, అది కూడా అందులో పెట్రోలు వెళ్లే చిన్న రంధ్రం, స్లో జెట్ ఒక్కటి. యాక్సిలరేటర్ మూసినప్పుడు పనిచేసే జెట్ అదే, దాని రంధ్రం చాలా సన్నం. కార్బురేటర్ మీద మిశ్రమం సరిచేసే స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పే ముందు అది ఎక్కడుందో చూడండి. ఇంజిన్ వైపు ఉంటే బయటికి తిప్పినకొద్దీ పెట్రోలు పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే బయటికి తిప్పినకొద్దీ గాలి పెరిగి మిశ్రమం పల్చబడుతుంది. ఈ తేడా తెలియక తిప్పి సమస్య పెంచుకున్నవాళ్లు ఎక్కువ. ఇప్పుడున్న స్థానం నుంచి మెల్లగా లోపలికి, అది ఆగేదాకా ఎన్ని చుట్లు పడుతుందో లెక్కపెట్టి రాసుకోండి, పాత సెట్టింగ్‌కి రావాలంటే అది కావాలి.

ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సందు) కూడా ఒకసారి చల్లటి ఇంజిన్ మీద కొలిపించండి. ఎగ్జాస్ట్ వాల్వ్ గ్యాప్ మరీ బిగుతుగా ఉంటే వాల్వ్ సరిగ్గా కూర్చోదు, కొన్నాళ్లకు కాలిపోతుంది. అంకె మీ బండి మాన్యువల్‌లోదే తీసుకోవాలి.

శబ్దం సైలెన్సర్‌లో కాకుండా ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి వస్తుంటే పైన చెప్పినవాటితో ఆగకండి, మిశ్రమం బాగా పల్చబడిందో, వాల్వ్‌లోనో ఇగ్నిషన్ టైమింగ్‌లోనో తేడా వచ్చిందో చూపించాలి. ఎక్కువ ఆర్‌పీఎం నుంచి ఒక్కసారిగా వదిలినప్పుడు అరుదుగా వచ్చే చిన్న గురగురకి మాత్రం టెన్షన్ పడక్కర్లేదు. మీరు చెప్పినట్టు ప్రతి సిగ్నల్ దగ్గరా వస్తుంటే వదిలేయకండి. మీ బండికి కెటలిటిక్ కన్వర్టర్ (పొగలోని కాలుష్యం తగ్గించే భాగం) ఉంటే, కాలని పెట్రోలు అందులో మండి దాన్ని మరీ వేడెక్కించి పాడుచేస్తుంది.

గ్యాస్కెట్ విప్పాల్సి వస్తే పాతది తిరిగి వేయించకండి, ఒకసారి నలిగాక అది మళ్లీ సీల్ కాదు. రెండు నట్లూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక్కటే ముందు పూర్తిగా బిగిస్తే పైపు వంకరగా కూర్చుని మళ్లీ అదే పక్క లీకవుతుంది, బలవంతం చేస్తే నట్టు బిగించే స్టడ్ (హెడ్‌లో నాటిన బోల్టు) విరుగుతుంది. నాలుగు రోజులు నడిపాక చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి బిగుతు చూడండి.