తాతయ్య ట్రాక్టర్ బాగు చేయించే ముందు ఎవరి సంతకాలు కావాలి?

ప్రశ్న: మా తాతయ్య తన సొంత సంపాదనతో కొన్న ట్రాక్టర్ ఆయన పోయి ఆరేళ్లయినా షెడ్డులోనే ఉంది. వీలునామా లేదు. నాన్నమ్మ, నాన్న, పెదనాన్న, ఇద్దరు మేనత్తలు ఉన్నారు. ఆయన గుర్తుగా నా డబ్బుతో దాన్ని బాగు చేయించి నడపాలనుకుంటున్నాను. ఆర్‌సీ ఇంకా తాతయ్య పేరునే ఉంది. చట్టపరంగా ఏమైనా ఇబ్బంది వస్తుందా?

జవాబు: మీ ఆలోచన నాకు చాలా నచ్చింది. అయితే మెకానిక్‌ను పిలిచే ముందు ఇంట్లోవాళ్ల సంతకాలు తీసుకోండి.

ఇప్పటికి ఆ ట్రాక్టర్ మీది కాదు. హిందూ వారసత్వ చట్టం, 1956 మీకు వర్తిస్తుందనుకుంటే, సెక్షన్ 8 ప్రకారం తాతయ్య ఆస్తి మొదటి తరగతి వారసులకు వెళుతుంది. ఆయన తల్లి ముందే పోయారనుకుంటే నాన్నమ్మ, నాన్న, పెదనాన్న, మేనత్తలు అయిదుగురికీ తలా అయిదో వంతు. మేనత్తలకు పెళ్లయినా వాటా తగ్గదు. మీ నాన్నగారు ఉన్నారు కాబట్టి మనవడిగా మీకు నేరుగా వాటా రాదు. మరమ్మతుకు ఎంత ఖర్చు పెట్టినా, ఆ ఖర్చు వల్ల మీరు యజమాని కారు.

తుప్పు పట్టిన బండి గురించి ఎవరూ పట్టించుకోరు. అది రంగు వేసుకుని స్టార్టయ్యాకే వాటాల మాట వస్తుంది. అందుకే ఇప్పుడే అడగమంటున్నాను. ట్రాక్టర్ చరాస్తి కాబట్టి రిజిస్టర్డ్ దస్తావేజు తప్పనిసరి కాదు. అయిదుగురూ తమ వాటా మీకు ఇస్తున్నట్టు రాసి, సంతకాలు చేసి, బండిని మీకు అప్పగిస్తే చాలు. నోటరీ చేయిస్తే ఆర్టీవో ఆఫీసులో పని సులువవుతుంది.

ఆ కాగితం చేతికొచ్చాక ఆర్‌సీ మార్పిడికి వెళ్లండి. యజమాని మరణిస్తే 30 రోజుల్లో తెలిపి, మూడు నెలల్లో ఫారం 31 ఇవ్వాలి. మీకు ఆ గడువు దాటిపోయింది. దాంతో హక్కు పోదు, ఆలస్యానికి రుసుము అడగవచ్చు. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, మిగతావారి అంగీకారం జత చేయండి. ఆర్‌సీ దొరకకపోతే పోలీసులకు ఫిర్యాదు చేసి డూప్లికేట్ తీసుకోండి. దాని మీద బ్యాంకు అప్పు నమోదై ఉందేమో చూడండి. అప్పు ఎప్పుడో తీరినా ఆ నమోదు అలాగే ఉండిపోతుంది. బ్యాంకు సంతకంతో ఫారం 35 ఇచ్చి తీయించాలి.

ఇక మరమ్మతు. నేను ఎక్కువగా భయపడేది ఇక్కడే. తుప్పు గీకే ముందు ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఫొటో తీసి, కాగితం మీద పెన్సిల్‌తో అచ్చు తీసుకోండి. గ్రైండర్ ఆ అంకెల మీద ఒక్కసారి తిరిగిందంటే, అది తాతయ్య బండే అని మీరే రుజువు చేసుకోవాల్సి వస్తుంది. ఇంజిన్ మార్చాల్సి వస్తే బిల్లు లేని పాత ఇంజిన్ కొనకండి, దొంగ సొత్తు అయితే కేసు మీ మీదికి వస్తుంది. మార్చిన 14 రోజుల్లోపు ఆర్టీవోకు తెలపాలి. రంగు కూడా ఆర్‌సీలో ఉంటుంది, పాత రంగే వేయించండి. ఆయన కూర్చున్న బండి ఆయన చూసిన రంగులోనే ఉండడం బాగుంటుంది కూడా. బానెట్ మీద తాతయ్య పేరు నిరభ్యంతరంగా రాయించుకోవచ్చు, నంబరు ప్లేటు మీద మాత్రం వద్దు.

వ్యవసాయ ట్రాక్టర్ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అది దాటి ఉంటే బండి నడిచే స్థితికి వచ్చాక తనిఖీ చేయించి రెన్యువల్ చేయించాలి, అది అయిదేళ్లకు ఇస్తారు. రెన్యువల్, థర్డ్ పార్టీ బీమా రెండూ అయ్యేదాకా రోడ్డెక్కించకండి. షెడ్డు నుంచి వర్క్‌షాపుకు కూడా లారీ మీదే తీసుకెళ్లండి. బీమా లేకుండా ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం మీ జేబులోంచే కట్టాలి. ట్రాలీ ఉంటే దానికి వేరే ఆర్‌సీ ఉంటుంది, అదీ వెతకండి.

మొదటి సంతకం నాన్నమ్మ గారిది తీసుకోండి. ఆవిడ ఒప్పుకుంటే మిగతావాళ్లను అడగడం మీకు తేలికవుతుంది.