చదివించిన అమ్మాయి పెద్దదైంది, ఎలా పలకరించాలి?

ప్రశ్న: కెన్యాలో కిసుము దగ్గర ఒక అమ్మాయికి మా వాలంటీర్ల బృందం ఒక ట్రస్టు ద్వారా ఫారమ్ 1 నుంచి ఫారమ్ 4 దాకా, అంటే హైస్కూలు నాలుగేళ్లూ, ఫీజు కట్టింది. 2019లో చదువు అయిపోయింది, ఉత్తరాలూ ఆగిపోయాయి. ఆమె పాత ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టి వెతకవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఫొటో మాత్రం పెట్టకండమ్మా. అందులో ఉన్నది యూనిఫాం వేసుకున్న చిన్నపిల్ల. ఇప్పుడామె ఎక్కడో ఉద్యోగం చేస్తుండొచ్చు, అత్తవారింట ఉండొచ్చు. తను దాతల డబ్బుతో చదివానని నలుగురికీ చెప్పుకోవాలో వద్దో ఆమె ఇష్టం.

ఉత్తరాలు ఆగిపోయాయంటే మిమ్మల్ని మరిచిపోయిందని కాదు. అక్కడ ఇంటింటికీ పోస్ట్‌మ్యాన్ రాడు. ఉత్తరాలు బడి పోస్టు బాక్సుకో, చర్చి బాక్సుకో చేరతాయి. బడి వదిలితే ఆ చిరునామా పోయినట్టే. అప్పట్లో ఇచ్చిన ఫోన్ నంబరు చాలాసార్లు మేనమామదో, పక్కింటివాళ్లదో అయి ఉంటుంది. వాడకుండా వదిలేసిన నంబర్లు వేరేవాళ్లకు వెళ్లిపోతాయి కూడా.

పేరుతో వెతికినా దొరకడం కష్టం. కిసుము వైపు ఎక్కువగా ఉండే లువో తెగవాళ్లు పుట్టిన వేళను బట్టి పేరు పెడతారు: పొద్దున పుడితే అకిన్యి, ఎండ వేళ అచియెంగ్, రాత్రి అటియెనో. మన ఊళ్లో లక్ష్మీ అని పిలిస్తే ఎందరు పలుకుతారో అక్కడా అంతే. పైగా బడి రిజిస్టర్లో క్రైస్తవ నామం ముందుంటే, ఫేస్‌బుక్‌లో ఇంకో వరస ఉండొచ్చు. అందుకే పాత ఫీజు రసీదు బయటికి తీయండి. పేరు దగ్గర అడ్మిషన్ నంబరు ఉంటే అదే అసలైన ఆధారం. దానితోపాటు ఫారమ్ 4 పరీక్ష రాసిన ఏడాది రాసి ట్రస్టుకు పంపండి.

ఆమె నంబరు మీకివ్వమని అడక్కండి. కెన్యాలో 2019 నుంచి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది, ఆమె ఒప్పుకోకుండా ట్రస్టు ఇవ్వకూడదు. మీ నంబరే ఆమెకు చేర్చమనండి. వెంట నాలుగు వాక్యాలు చాలు: మీరెవరు, ఏ ఏళ్లలో ఉత్తరాలు రాసుకున్నారు, ఎలా ఉందో తెలుసుకోవాలని ఉంది, జవాబివ్వకపోయినా ఏమీ అనుకోరు. పెళ్లి, జీతం, మార్కులు అడక్కండి. మార్కులు తక్కువొచ్చాయన్న సిగ్గుతోనే కొందరు దూరమవుతారు. మూడు నెలలు చూసి ఇంకోసారి పంపండి. అప్పటికీ పలక్కపోతే అక్కడితో వదిలేయండి.

ఫోన్ చేయాల్సి వస్తే, అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడి స్వాహిలీ భాషలో "సా మ్బిలి" అంటే మాటకు అర్థం రెండు గంటలే, మన గడియారం లెక్కలో మాత్రం పొద్దున ఎనిమిది. ఎందుకంటే వాళ్ల పగటి గంటల లెక్క పొద్దు పొడుపుతో మొదలవుతుంది.

ప్రశ్న: మేము చదివించిన అబ్బాయి వాట్సాప్‌లో దొరికాడు. మూడో మెసేజీకే కాలేజీ ఫీజుకు 60,000 షిల్లింగులు అడిగాడు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నొచ్చుకోకండి, నిజంగా అవసరమే కావచ్చు. ముందు మాట్లాడుతున్నది అతనేనని తేల్చుకోండి. పాత ఉత్తరాల్లో మాత్రమే ఉన్న సంగతి ఒకటి అడగండి. ఫొటోలో కనిపించేది అడిగితే ఎవరైనా చెప్పేస్తారు. తర్వాత అడ్మిషన్ లెటర్, ఫీజు వివరాల కాగితం తెప్పించుకోండి. ఆ లెటర్ మీదున్న నంబరుకు కాకుండా, కాలేజీ నంబరు మీరే వెతికి పట్టుకుని ఫోన్ చేయండి. డబ్బు నేరుగా కాలేజీ ఖాతాకే వెళ్లాలి. ఇండియా నుంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు; ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది కనుక ఈ మొత్తానికి ఇబ్బంది లేదు. బ్యాంకు అడిగితే ఆ లెటరే చూపించండి.

ఎంపెసా (అక్కడ ఫోన్లోనే డబ్బు పంపుకునే సేవ) ఖాతా వేరొకరి పేరు మీద ఉందనగానే మోసం అనుకోవద్దు. 18 ఏళ్లు నిండి జాతీయ గుర్తింపు కార్డు వచ్చేదాకా చాలామంది పిల్లలు ఇంట్లోవాళ్ల ఫోనే వాడుకుంటారు. కార్డు వచ్చాక మాత్రం సొంత పేరు మీదున్న నంబరే అడగండి.

బాకీ ఉందని బడి సర్టిఫికెట్ ఆపేసిందంటే అది అక్కడ తరచూ జరిగేదే, చట్టం ఒప్పుకోకపోయినా సరే. ఆ బాకీ మీరు ఫీజు కట్టిన ఏళ్లదే కావచ్చు, కాబట్టి ముందు ట్రస్టు లెక్కలు చూడండి. ప్రభుత్వ విద్యారుణ బోర్డు హెల్బ్‌కు అప్లై చేశాడో లేదో కూడా అడగండి. ఎంత ఇవ్వగలరో, ఎన్నిసార్లో మొదటే చెప్పేయండి. ఇవ్వలేకపోతే ఆ మాటే చెప్పి, మామూలుగా మాట్లాడుతూ ఉండండి.