పాత విదేశీ నోట్ల విలువ ఎంత?

ప్రశ్న: మా తాతగారు రంగూన్ నుంచి తెచ్చిన ట్రంకుపెట్టెలో జపాన్ ప్రభుత్వం పేరుతో ఉన్న పది రూపాయల నోట్లు, మా మామయ్య దాచిన 100 మార్కుల జర్మనీ నోటు దొరికాయి. వీటికి ఇప్పుడు విలువ ఉంటుందా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఈ రెండింటికీ విలువ కట్టే పద్ధతి ఒకటి కాదు. జర్మనీ నోటుపై 'డాయిచె మార్క్' (Deutsche Mark) అని ఉంటే అది 1948 తరువాతిది. దానిని ఆ దేశ కేంద్ర బ్యాంకు బుందెస్‌బ్యాంక్ గడువేమీ లేకుండా, 1.95583 మార్కులకు ఒక యూరో చొప్పున, నేటికీ మార్చి ఇస్తుంది కనుక మీకు 51 యూరోలకు పైగా వస్తాయి. అంతకు ముందువైతే సేకరణకర్తలకే పనికివస్తాయి.

జపాన్ నోట్లు 1942లో బర్మా ఆక్రమణ నాటివి. బర్మాకు గుర్తుగా ఇంగ్లీషు 'బి'తో మొదలయ్యే అక్షరాలు నోటుపై ఉన్నాయేమో చూడండి. యుద్ధం ముగియగానే చెల్లకుండా పోయిన ఈ నోట్లు విరివిగా దొరుకుతాయి కాబట్టి ధర తక్కువే. అమ్మేవారు అడిగే ధరను కాక, వేలంలో నిజంగా అమ్ముడుపోయిన ధరను చూసుకోండి. దయచేసి వాటిని ఇస్త్రీ చేయకండి, టేపు అంటించకండి. మడత పడని నోటుకే మంచి ధర పలుకుతుంది.