ఊరగాయ వాసన పట్టిన బకెట్‌లో బీర్ పులియబెట్టొచ్చా?

ఊరగాయ వచ్చిన ప్లాస్టిక్ బకెట్‌ని ఎంత తోమినా వాసన పోవడం లేదు, అందులో ఇంట్లో బీర్ పులియబెట్టొచ్చా అని అడిగారు. వాసన వదిలించగలిగితే పెట్టొచ్చు. కానీ ముందు ఆ తోమడం ఆపండి, ముఖ్యంగా స్టీల్ పీచుతో. వాసన ఉన్నది గోడల మీద కాదు, ప్లాస్టిక్ లోపల. తోమితే నునుపు పోయి గీతలు పడతాయి. వాటిలో బ్యాక్టీరియా చేరిందంటే శానిటైజర్ సరిగ్గా అందదు, బీర్ పుల్లబడుతుంది.

ఈ బకెట్లు ఎక్కువగా హెచ్‌డీపీఈ అనే గట్టి రకం ప్లాస్టిక్‌తో చేసినవి. అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటుంది. (ఆ అంకె ఉన్నంత మాత్రాన ఫుడ్ గ్రేడ్ అని కాదు, అది వేరే చూసుకోవాలి.) వెల్లుల్లి ఘాటంతా గంధకం ఉన్న పదార్థాలది. అవి నీళ్లలో సరిగ్గా కరగవు, ఈ ప్లాస్టిక్‌లోకి మాత్రం బాగా ఇంకుతాయి. నెలల తరబడి ఇంకింది ఒక్క పూటలో బయటికి రాదు. వేడి తగిలితే కాస్త త్వరగా వస్తుంది. అందుకే వేడినీళ్లు, గాలి, ఓపిక తప్ప వేరే మందు లేదంటాను.

నేను తెచ్చుకున్న బకెట్ వెనిగర్, వెల్లుల్లి వేసి ఊరబెట్టిన దోసకాయలది. అమ్మినతను కడిగే ఇస్తున్నామన్నాడు. మూత తీస్తే కళ్ల వెంట నీళ్లొచ్చాయి. 60 డిగ్రీల వేడినీళ్లలో సోడియం పెర్‌కార్బొనేట్ (మరకలు వదిలించే తెల్లటి పొడి) కలిపి, మూత బిగించకుండా రాత్రంతా నానబెట్టాను. పొద్దున కడిగితే వాసన దాదాపు లేదు. మూత పెట్టి సాయంత్రం తీసేసరికి మళ్లీ అదే ఘాటు! అప్పుడు మూతని, బకెట్‌ని వేర్వేరు గదుల్లో ఉంచి వాసన చూశాను. బకెట్ బాగానే ఉంది, కంపంతా మూతదే. మూత లోపలి అంచున గాడిలో రబ్బరు రింగ్ ఉంటుంది కదా, దాన్ని చెంచా కాడతో పైకి లేపాను. కింద పచ్చగా, జిగటగా పాత ఉప్పునీరు, అందులో అతుక్కుపోయిన ఒక ఆవగింజ. రింగ్ పారేసి కొత్తది వేశాను, మూతని మళ్లీ నానబెట్టాను. తర్వాత రెండింటినీ విడివిడిగా గాలి ఆడేచోట వారాల తరబడి వదిలేశాను. అప్పటికి గానీ వదల్లేదు.

పోయిందో లేదో తేల్చుకోవాలంటే బాగా కడిగిన బకెట్‌లో వేడినీళ్లు పోసి, మూత బిగించి, పొద్దున ఆ నీళ్లు ఒక గుక్క రుచి చూడండి. రోజూ వాసన చూసి చూసి మన ముక్కు అలవాటు పడిపోతుంది కాబట్టి ఇంట్లో ఇంకొకరి చేత కూడా చూపించండి. ఈ పరీక్ష పాసైనా మొదటిసారి స్టౌట్ లాంటి నల్లటి, ఘాటు రుచి ఉన్న బీరే పెట్టండి. లాగర్ లాంటి లేత రంగు, తేలిక రుచి బీర్‌లో ఏ చిన్న తేడా అయినా తెలిసిపోతుంది.

పులిసేటప్పుడు గ్యాస్‌తో పాటు వాసనా పోతుందిలే అని సలహా ఇచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. గ్యాస్ కొంత తీసుకెళ్తుంది, నిజమే. కానీ ఆ వాసనలు నీళ్లలో కంటే ఆల్కహాల్‌లో బాగా కరుగుతాయి. ప్లాస్టిక్‌లో మిగిలింది బీర్‌లోకి దిగుతుంది. ఇంకొందరు బ్లీచ్, వెనిగర్ కలిపి పోయమంటారు. దాంతో క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రాణం మీదికి తెచ్చుకోకండి. బ్లీచ్ ఒక్కటే వాడినా ఏ కాస్త మిగిలినా బీర్‌కి ఆసుపత్రి బ్యాండేజీ వాసన పడుతుంది. పరిమళాల సబ్బులు కూడా వద్దు. వెల్లుల్లి పోయి నిమ్మ వాసన పట్టుకుంటే మనకి ఒరిగేదేమీ లేదు.

ఇంత చేసినా వాసన వస్తుంటే ఆ బకెట్‌ని బీర్ తయారీకి దూరంగా ఉంచండి. మాల్ట్ (బీర్‌కి వాడే, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) నిల్వకీ వద్దు, సిలికాన్ ట్యూబులు నానబెట్టడానికీ వద్దు, వాటికీ వాసన అంటుకుంటుంది. ఇంకో బకెట్ వెతుక్కునేటప్పుడు బేకరీలో కేక్ ఐసింగ్ వచ్చినవి అడగండి. వాటికి ఉండేది జిడ్డు, తీపి వాసన మాత్రమే. వేడినీళ్లు, వాసన లేని సబ్బు, మెత్తటి గుడ్డ సరిపోతాయి. రబ్బరు రింగ్ మాత్రం వాటికీ తీసి చూడండి.